బిందె అంచున పేరు

నవంబరు 6, 2025
గురువారం

చి. సౌ. శైలజకి,

అమ్మ ఆశీస్సులు. నేనూ మీ నాన్నా ఇక్కడ కులాసా. రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను గానీ, తెల్లవార్లూ కంటి మీద కునుకు లేదు. అందుకే కొట్టు తెరవకముందే కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో "అలా కాదమ్మా" అంటావు, నేను చెప్పదలుచుకున్నది మరిచిపోతాను. కాయితం మీద ఉంటే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. సాయంత్రం కొరియర్‌లో వేస్తే శనివారానికల్లా నీకు అందుతుంది. పన్నులవాళ్ళు నీ షాపుకి వస్తామన్నది సోమవారమే కదా.

ముందుగా ఒక్క మాట. నీ బట్టల షాపు షట్టర్ దించేసి నాలుగు రోజులు మన ఊరు వచ్చేస్తానన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. నువ్వు ఎప్పుడు వచ్చినా ఈ ఇల్లు నీదే, కానీ పన్నులవాళ్ళకి భయపడి మాత్రం రావద్దు. నువ్వు లేనప్పుడు వచ్చి, పనమ్మాయితో సోమవారం వస్తామని చెప్పి వెళ్ళారు. చెప్పి వెళ్ళినవాళ్ళకి తాళం కనబడితే ఏమనుకుంటారు? లేని అనుమానం మనమే పుట్టించినట్టు అవుతుంది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మీ నాన్నని అడిగాను, శైలుకి రాయనా అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రాయి, దానికి పనికొస్తుంది" అన్నారు.

2002లో, నువ్వు ఆరో తరగతి చదువుతున్నప్పటి మాట. అప్పటికి అమ్మకాల మీద వ్యాట్ అనే పన్ను కూడా రాలేదు, అది 2005లో వచ్చింది. సేల్స్ టాక్స్ రోజులు. మాఘమాసం, పెళ్ళిళ్ళ సీజన్. నీకు గుర్తుందో లేదో, మన పాత్రల కొట్టు వెనక గది నిండా ఆ నెలల్లో సామానే ఉండేది. పెళ్ళివాళ్ళు ముందే వచ్చి సారె సామాను ఎంచుకుని, డబ్బు కట్టేసి, బిల్లు తీసుకుని, పేర్లు కొట్టించమని మన దగ్గరే వదిలి వెళ్ళేవారు. ముహూర్తం దగ్గర పడ్డాక ఆటో తెచ్చుకుని పట్టుకెళ్ళేవారు. బిందెలు, గంగాళాలు, పప్పు డబ్బాలు, పళ్ళాలు అటక దాకా పేర్చి ఉండేవి. ఆ సరుకుకి బిల్లు రాసేశాం కాబట్టి పుస్తకాల్లో అది అమ్ముడుపోయినట్టే. కంటికి మాత్రం కొట్లోనే ఉంది.

ఒక రోజు మధ్యాహ్నం ముగ్గురు తనిఖీకి వచ్చారు. ఉన్న సరుకంతా లెక్కపెట్టారు, పుస్తకాలతో పోల్చారు. లెక్కకు మించి సరుకు ఉందన్నారు. మీ నాన్నకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఎవరి దగ్గరా ఒక్క మాట పడని మనిషి. బజారంతా మన కొట్టు ముందు నిలబడి చూస్తోంది. ఆ సిగ్గుతోనే ఆయనకి మతి పోయింది. "సార్, తప్పయిపోయింది" అన్నారు. ఏ తప్పూ లేకుండానే అన్నారు. వాళ్ళు రెండు పేజీలు రాసి ముందు పెడితే, వాళ్ళు తొందరగా వెళ్ళిపోతే చాలనుకుని, చదవకుండా సంతకం పెట్టేశారు. ఆ సరుకు లెక్కల్లో చూపించనిది అని ఆయనే ఒప్పుకున్నట్టు అందులో ఉంది.

వాళ్ళు వెళ్ళేసరికి రాత్రి ఎనిమిది దాటింది. నేను వెనక గదిలో సామాను సర్దుతున్నాను. ఒక బిందె ఎత్తి గోడవైపు పెట్టబోతే, దీపం వెలుతురుకి అంచు మీద అక్షరాలు మెరిశాయి. పెళ్ళికూతురి పేరు, ఇంటిపేరు, కింద పెళ్ళి తేదీ. ఇంకోటి తిప్పాను, దాని మీదా పేరు. డబ్బా మూత తిప్పాను, పళ్ళెం తిప్పాను. వాళ్ళు లెక్కకు మించిన సరుకు అన్న ప్రతి వస్తువు మీదా ఎవరో ఒకరి పేరు కొట్టి ఉంది. ఇంకొకళ్ళ పేరు కొట్టిన బిందెని ఏ వ్యాపారి అయినా ఎవరికి అమ్ముతాడు? సాక్ష్యమంతా మన వెనక గదిలోనే ఉంది, మధ్యాహ్నం నుంచీ ఉంది. ఒక్కటంటే ఒక్కటి తిప్పి చూపించాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఆ బిందె పట్టుకుని మీ నాన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలితో ఆ పేరు తడుముతూ, "సంతకం పెట్టేశానే" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. అప్పుడు మన లెక్కలు చూసే ఆయన్ని అడిగితే, అప్పీలు చేయొచ్చు గానీ మీరే ఒప్పుకుని రాసిచ్చారు కాబట్టి కష్టమన్నారు. కోర్టులంటే మాకు భయం. పన్నూ జరిమానా కలిపి 46 వేలు కట్టాం. నా గొలుసు తాకట్టు పెట్టాం. ఆ ఏడు నీకు సైకిల్ కొనిపెడతామని కొనలేదు చూడు, కారణం అది. నువ్వు రెండు రోజులు అన్నం మానేసి అలిగావు. అప్పుడు కూడా చెప్పలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆ వచ్చినవాళ్ళు మనకి అన్యాయం చేశారని నేను అనను. వాళ్ళకి కనబడింది వాళ్ళు రాసుకున్నారు. చూపించాల్సింది మనం చూపించలేదు. సంతకం పెట్టేముందు చదవలేదు. నా బాధంతా ఆ సంతకం గురించే.

రెండోసారి 2019లో వచ్చారు. అప్పటికి జీఎస్టీ వచ్చి రెండేళ్ళు. మనకి సరుకు పంపే ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర తనిఖీ జరిగిందట, ఆ వరసలో మన కొట్టుకీ వచ్చారు. మీ నాన్నకి కంటి ఆపరేషన్ అయి ఇంట్లో పడుకుని ఉన్నారు. కొట్లో నేనూ, కుర్రాడూ ఉన్నాం. నలుగురు వచ్చారు, అందులో ఒక మేడమ్. నా గుండె గుభేలుమంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ బిందె గుర్తొచ్చింది. కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, "మీ గుర్తింపు కార్డులు ఒకసారి చూపించండి" అన్నాను. గొంతు వణికింది. వాళ్ళు ఏమీ అనుకోలేదు, తీసి చూపించారు. పేర్లూ హోదాలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తనిఖీకి అనుమతి కాయితం అడిగాను. ఐఎన్ఎస్-01 అని ఉంటుంది దాని మీద. మన కొట్టు పేరు, అడ్రసు, జీఎస్టీ నంబరు మనవేనా అని చూసుకున్నాను. అప్పుడు ఆడిటర్ గారికి ఫోన్ చేసుకుంటానంటే, చేసుకోండమ్మా అన్నారు.

ఈసారి వాళ్ళు వెనక గదిలోకి వెళ్ళగానే నేనే ముందు ఒక బిందె తిప్పి పేరు చూపించాను. 2002 తర్వాత నేను ఒక పుస్తకం పెట్టాను, పేర్ల పుస్తకం. ఎవరి సామాను, ఏ బిల్లు నంబరు, ఎన్ని వస్తువులు, ఎప్పుడు తీసుకెళ్తారు అన్నీ రాసి ఉంటాయి. ఆ మేడమ్ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూసుకుంది. సాయంత్రం ఐదింటికి లెక్క పూర్తయింది. పక్క చెప్పుల కొట్టాయన్నీ, మందుల షాపు కుర్రాడినీ సాక్షులుగా పిలిచి పంచనామా రాశారు. మూడు పేజీలు, ఇంగ్లీషులో. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. అర్థం కానిచోట అడిగితే మేడమ్ తెలుగులో చెప్పింది. రెండో పేజీలో 112 పళ్ళాలు ఉండాల్సింది 172 అని పడింది. చూపించాను. కొట్టేసి, సరిచేసి, పక్కన పొట్టి సంతకం చేశారు. నాకు అరగంట పట్టింది చదవడానికి. ఆ అరగంటలో ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. పంచనామా కాపీ అడిగి తీసుకున్నాను. తర్వాత ఆడిటర్ గారు చూస్తే నాలుగు బిల్లులు రిటర్న్‌లో, అంటే పన్ను ఆఫీసుకి పంపే లెక్కలో, ఎక్కలేదని తేలింది. 1,640 రూపాయలు, దాని మీద వడ్డీ, డీఆర్‌సీ-03 అనే ఫారంతో ఆన్‌లైన్‌లో కట్టేశాం. అంతటితో అయిపోయింది.

ఇక నీ సంగతి. ఆన్‌లైన్‌లో అమ్మడం కోసం నువ్వు రిజిస్ట్రేషన్ తీసుకున్నది జులైలో. కొత్తగా తీసుకున్నవాళ్ళ చోటు నిజంగా ఉందా లేదా అని చూడ్డానికి అధికారులు వస్తుంటారు. లేని అడ్రసులతో దొంగ బిల్లులు పుట్టించేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి అది వాళ్ళు చెయ్యాల్సిన పనే. అలా వచ్చినవాళ్ళు చోటు చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు, రిపోర్టు జీఎస్టీ పోర్టల్‌లో ఎక్కిస్తారు. నాకైతే సోమవారం వచ్చేది ఆ పని మీదే అనిపిస్తోంది. నీ సర్టిఫికెట్ బీరువాలో భద్రంగా దాచానన్నావు. తీసి ఫ్రేమ్ కట్టించి వచ్చినవాళ్ళకి కనబడేలా గోడకి తగిలించు, అది రూలు. గుమ్మం దగ్గర బోర్డు మీద నీ షాపు పేరు ఉంది గానీ జీఎస్టీ నంబరు లేదు, మొన్న వచ్చినప్పుడు చూశాను. శనివారమే పెయింటర్‌ని పిలిచి రాయించు, లేదా స్టిక్కర్ కొట్టించు. ఈ రెండూ లేకపోతే 25 వేల దాకా జరిమానా వేయొచ్చు. అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, కొన్న సరుకు బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకో. లెక్కలు ఆరేళ్ళు ఉంచాలి, ఏడాది రిటర్న్ గడువు నుంచి లెక్క. కాబట్టి ఇల్లు మారినప్పుడల్లా కాయితాలు పారేసే నీ అలవాటు ఇక మానుకోవాలి తల్లీ.

ఒకవేళ తనిఖీ అంటే, నేను 2019లో చేసినట్టే చెయ్యి. ఆ అనుమతి జాయింట్ కమిషనర్, అంతకంటే పై హోదా వాళ్ళే ఇవ్వాలి. స్టేట్ వాళ్ళా, సెంట్రల్ వాళ్ళా అని అడుగు. సెంట్రల్ వాళ్ళ కాయితమైతే దాని మీద డిన్ అని ఒక నంబరు ఉంటుంది, 2019 నవంబరు నుంచి ఆ పద్ధతి పెట్టారు. సెంట్రల్ పన్నుల బోర్డు, అదే సీబీఐసీ, వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది. అధికారులమని చెప్పుకుని తిరిగే దొంగలు కూడా ఉన్నారు కాబట్టి ఇది చూసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. లెక్కల పుస్తకాలన్నీ చూసే ఆడిట్ అయితే 15 పనిదినాల ముందు నోటీసు రావాలి, కాబట్టి సోమవారం ఆడిట్ అయితే కాదు. వాళ్ళు నీ పుస్తకాలు ఏవైనా పట్టుకెళ్తే కాపీలు తీసుకునే హక్కు నీకుంది.

డబ్బు సంగతి. "ఇప్పుడే, ఇక్కడే కట్టెయ్" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే కట్టాల్సిన పని లేదు. తనిఖీల్లో బలవంతంగా పన్ను కట్టించుకోవద్దని సెంట్రల్ బోర్డు 2022 మే 25న తన అధికారులకే రాసి చెప్పింది. ఆడిటర్‌తో మాట్లాడి, లెక్క తేలాక, పోర్టల్‌లోనే కడతానని నెమ్మదిగా చెప్పు.

మీ బాబాయి కవర్లో ఏదో పెట్టి ఇచ్చెయ్యమన్నాడట. నీ మేలు కోరే చెప్పాడు, నాకు తెలుసు. కానీ వద్దు. ఒకసారి ఇస్తే ప్రతి ఏడూ ఇవ్వాలి, పైగా ఏ తప్పూ లేనిదానివి తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. 2018లో చట్టం మార్చాక లంచం ఇచ్చినవాళ్ళదీ నేరమే. ఎవరైనా బలవంతం చేసి తీసుకుంటే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలి. తెలంగాణ ఏసీబీ, అదే అవినీతి నిరోధక శాఖ, నంబరు 1064, ఫోన్‌లో వేసి ఉంచుకో. అవసరం పడదనే అనుకుంటున్నాను. నేను చూసినవాళ్ళలో చాలామంది తమ పని తాము చేసుకుని వెళ్ళినవాళ్ళే.

బాబాయి ఇంకో మాట కూడా అన్నాడట, పన్ను కట్టకపోవడం మన చీరాల వాళ్ళ రక్తంలోనే ఉందని. ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు. మా నాయనమ్మది చీరాల. 1921లో ఆమెకి పదేళ్ళు. చీరాల పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసి, మొయ్యలేని పన్ను వేస్తే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళకి తాళాలు వేసుకుని, ఊరవతల రామ్‌నగర్ అని పాకలు వేసుకున్నారు. నెలల తరబడి ఎండకీ వానకీ ఆ పాకల్లోనే ఉన్నారు. గాలికి పాక కప్పు ఎగిరిపోతే వాళ్ళమ్మ పిల్లలందరినీ ఒక దుప్పటి కింద కూర్చోబెట్టిన సంగతి నాయనమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పింది. దుగ్గిరాల వారిని జైల్లో పెట్టారు. వాళ్ళెవరూ దాక్కోలేదమ్మా. మాకు ఈ మునిసిపాలిటీ వద్దు, ఈ పన్ను కట్టం అని దొరల ఎదురుగానే చెప్పి, వచ్చిన కష్టం పడ్డారు. పైగా ఆ పన్ను వాళ్ళ కష్టార్జితంలోంచి ఇవ్వాల్సింది. నీ గల్లాలో ఉన్న జీఎస్టీ నీది కాదు. బట్టలు కొన్న ఆవిడ నీకు ఇచ్చి, ఇది అక్కడ కట్టెయ్యమని నమ్మి వెళ్ళింది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నీ ఏడుపు సోమవారం గురించి కాదని నాకు తెలుసు. దీపావళి ముందు ఎగ్జిబిషన్‌లో బిల్లు లేకుండా 22 డ్రెస్సులు అమ్మానని చివర్లో మెల్లగా అన్నావు. మొదటిరోజు రద్దీలో బిల్లు బుక్కు తియ్యలేదని, తర్వాత ఎలా రాయాలో తెలియక ఊరుకున్నానని అన్నావు. తప్పే. అప్పుడే రాయాల్సింది. కానీ ఒకసారి నాతో లెక్క వెయ్యి. ఒక్కోటి 2,200 అన్నావు. సెప్టెంబరు 22 నుంచి 2,500 లోపు రెడీమేడ్ బట్టలకి 5 శాతమే. 2,200లోనే పన్ను కలిసి ఉందనుకుంటే ఒక్కోదానిలో సుమారు 105 రూపాయలు. 22కి 2,300 చిల్లర. దాని కోసం నా బిడ్డ మూడు రాత్రులు నిద్ర మానుకుంది. 2,500 దాటినవి ఏవైనా ఉంటే వాటికి 18 శాతం, అవి విడిగా రాయి.

ఇంకా గడువు కూడా దాటలేదు. అక్టోబరు నెల అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1కి 11వ తేదీ దాకా, పన్ను కట్టే 3బీకి 20వ తేదీ దాకా టైముంది. ఇది అందగానే కూర్చుని ఫోన్‌పేలో వచ్చిన డబ్బు చూసుకుంటూ ఏ రోజు ఏది ఎంతకి అమ్మావో ఒక కాయితం మీద రాయి. నగదుగా వచ్చినవి కూడా రాయి, ఎవరికీ తెలియదు కదా అనుకోకు. వెంటనే ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పు, ఆ నెల అమ్మకాల్లో ఎలా కలపాలో ఆయన చెబుతారు. పాత తేదీలు వేసి ఇప్పుడు బిల్లులు మాత్రం రాయకు. సోమవారం వాళ్ళు ఎగ్జిబిషన్ గురించి అడిగితే, బిల్లులు రాయలేదు, రిటర్న్‌లో చూపిస్తున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పు. మీ నాన్నలా "తప్పయిపోయింది" అని అన్నిటికీ తల ఊపకు. ఏది జరిగిందో దానికే ఒప్పుకో, అంతకు మించి ఒక్క అక్షరం ఉన్నా సంతకం పెట్టకు. చదవడానికి టైము కావాలని అడుగు. కుర్చీలో కూర్చునే చదువు, నిలబడి చదివితే తొందర పుడుతుంది.

నీ దగ్గర కుట్టడానికి ఇచ్చిన కస్టమర్ల బట్టలు ఉంటాయి కదా, వాటికి పేరూ బిల్లు నంబరూ రాసిన చీటీ పిన్ను పెట్టు. నీ సరుకుతో కలిపి తగిలించకు, విడిగా ఒక రాక్ పెట్టు. ఇది మాత్రం మర్చిపోకు.

మీ నాన్న ఆదివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నారు. నేను వద్దన్నా వినలేదు. "నేను ఏమీ మాట్లాడను, దాని పక్కన కూర్చుంటాను, అంతే" అంటున్నారు. నిన్న బజారుకెళ్ళి నీ కోసం పొడుగాటి రూళ్ళ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, మొదటి పేజీలో గీతలు కొట్టి, పేరు, బిల్లు నంబరు, ఎన్ని, ఎప్పుడు అని ఆయన చేత్తోనే రాసిపెట్టారు. అది తెస్తారు. గోంగూర పచ్చడి కూడా పంపిస్తున్నాను. పొద్దున టిఫిన్ తినగానే ఆయనకి బీపీ మాత్ర గుర్తుచెయ్యి, ప్రయాణంలో మర్చిపోతారు.

మీ
అమ్మ